ఏడవని తల్లి పాత్ర

"ఆవిడెవరో నాకు ఒక్కసారి కనబడాలక్కా! కొట్టను, తిట్టను. ఎదురుగా కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట అడుగుతాను."

"ఏమని?" అంది ఇన్షిరాహ్. అడగకుండా ఉండాల్సిందని అడిగాక తోచింది.

"నీకెవరైనా పోయారా అని. నీ ఇంట్లోంచి ఒక్క శవమైనా లేచిందా అని."

దౌలత్ ఇంబాబా నుంచి మధ్యాహ్నం నమాజు వేళకి వచ్చింది. వచ్చినప్పటినుంచీ కూర్చోలేదు. సోఫాకీ బాల్కనీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంది. చేతిలో ఫోను. పొద్దున్న ఆ ఫోనులోనే కబురొచ్చింది. ఆ ఫోను దర్శకుడు చెయ్యలేదు, ఆయన కింద పనిచేసే కుర్రదెవరో చేసింది. "మేడమ్, మీ పాత్రని పదిహేడో ఎపిసోడ్‌తో ముగించేస్తున్నారు. రేపు పొద్దున్న తొమ్మిదికి మీ చావు. కారు పంపుతాం" అంది. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

రంజాన్ నెలంతా రోజుకొకటి వచ్చే ముప్ఫై ఎపిసోడ్ల సీరియల్. ముప్ఫై ఏళ్లుగా పనిమనిషి, నర్సు, పెళ్లిలో మూడో వరసలో కూర్చునే అత్తయ్య లాంటి వేషాలు వేసిన దౌలత్‌కి మొట్టమొదటిసారి దొరికిన తల్లి పాత్ర. ఇవాళ రంజాన్ పదమూడు. ఇంకా సగం కూడా కాలేదు.

ఇన్షిరాహ్ భోజనాల బల్ల మీద చెక్క వేసుకుని, రెండు పిడుల కత్తితో మొలోఖియా ఆకు తరుగుతోంది. ఆకు ఎప్పుడో మెత్తటి ముద్దయింది. అయినా చెయ్యి ఆపలేదు. ఆపితే చెల్లెలి మొహం చూడాలి.

"ఎవరో ఏదో రాస్తే దర్శకుడు పాత్ర ఎత్తేస్తాడుటే? ఇంకేదో కారణం ఉండి ఉంటుంది" అంది, ఆకు వంక చూస్తూ.

"ఇంకేం కారణం? ఆ రోజు పొద్దుట దాకా నన్ను మెచ్చుకున్నవాడు ఆవిడ రాసిన మర్నాడు నా మొహం చూళ్లేదు. 'మూడో అంతస్తు ప్రేక్షకురాలు' అట, ఫోనులో ఒక పేజీ! రెండు లక్షల మంది చదువుతారట. 'బియ్యం ఏరే తల్లి' అని ఆవిడ ఒక మాట అనేసి పడుకుంది. ఇవాళ్టికీ ఊరంతా అదే పాట. నిన్న రొట్టెల దుకాణంలో ఒకడు పళ్లెం చూపించి, 'అమ్మా, కాస్త ఈ బియ్యం కూడా ఏరి పెడతావా' అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?"

కత్తి ఆగింది.

కిటికీ పక్క కుర్చీలో జపమాల తిప్పుకుంటున్న తల్లి తఫీదా తలెత్తి కూతుళ్లిద్దరినీ ఒకసారి చూసింది. ఎనభై మూడేళ్ల మనిషి. చూపు తగ్గింది, చెవులు మాత్రం పదునుగానే ఉన్నాయి. మళ్లీ జపమాల తిప్పుకోసాగింది.

"ఆకు వెయ్యాలి, ఎసరు మరిగిపోతోంది" అంటూ ఇన్షిరాహ్ చెక్కతో సహా వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెనకాలే భర్త బహ్‌గత్ వచ్చాడు. రైల్వేలో టిక్కెట్ల గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. రంజాన్ వస్తే సాయంత్రం దాకా సిగరెట్టు లేక సగం ప్రాణంతో తిరుగుతాడు. వంటింటి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"నీ మొహం చూస్తే గుడ్డివాడు కూడా కనిపెట్టేస్తాడు. కాస్త మామూలుగా ఉండు."

"నేను చెప్పేస్తాను బహ్‌గత్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"పిచ్చెక్కిందా? ఉపవాసంతో, ఏడుపుతో ఉన్న మనిషికి ఇప్పుడా? రేపు దానికి షూటింగ్ ఉంది. పండగ అయ్యాక నిదానంగా చెబుదువుగాని."

"పండగ అయ్యాక చెబితే, ఇన్నాళ్లూ నా ఎదురుగా కూర్చుని ఎలా మింగావని అడగదూ?"

"అసలు చెప్పనే వద్దు. ఈ సంగతి తెలిసింది మనిద్దరికే. నేను చచ్చినా చెప్పను. అయినా నువ్వు చేసిన తప్పేమిటి? కథ చూశావు, నీకు తోచింది రాశావు. చూసినవాడికి ఏడుపొచ్చిందో ఆవలింతొచ్చిందో చెప్పుకునే హక్కు కూడా లేదా? చెల్లెలని చెప్పి నీకు నచ్చనిదాన్ని నచ్చిందంటావా? అలా అయితే ఆ పేజీకి అంత పేరే వచ్చేది కాదు."

ఇదీ ఆమెకి అతనిచ్చే ధైర్యం. పదిరోజులుగా ఇస్తూనే ఉన్నాడు. ఆరేళ్ల కిందట ఆ పేజీ తెరిచి పెట్టింది అతనే. ఇన్షిరాహ్ ఆడపిల్లల బళ్లో అరబ్బీ పంతులమ్మ. పిల్లల వ్యాసాలు దిద్దినట్టే సీరియళ్లూ దిద్దేది. ఈ మాట ఈ మనిషి నోట్లో ఇమడలేదు, జైల్లో ఏడాదున్న ఖైదీకి గడ్డం అంత నీటుగా ఎవరు గీశారు, వీళ్లింట్లో ఎవరికీ ఎప్పుడూ పనెందుకుండదు అని టీవీ ముందు సణుగుతుంటే, "నా ఒక్కడికి చెప్పడం దేనికి, ఊరందరికీ చెప్పు" అన్నాడు. చెప్పింది. ఊరు వింది. సొంత పేరు పెట్టుకోవడానికి బడి ఉద్యోగం అడ్డమన్నది పైకి చెప్పిన కారణం. పేరు లేకపోతే మాటకి పదునెక్కువని ఆమెకి లోపల తెలుసు.

ఇన్షిరాహ్ ఎసట్లో గరిట తిప్పుతూ ఉండిపోయింది. ఆవిరికి కళ్లు మండాయి.

"నాకు తోచింది రాసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు" అంది చివరికి.

"అంటే?"

"ఆ రోజు నువ్వు మీ తమ్ముడింటికి వెళ్లావు. నేనూ అమ్మా కూర్చుని చూశాం. కొడుకు పోయాడని చెప్పగానే దౌలత్ బియ్యం ఏరడం మొదలెట్టింది. నాకు ఊపిరాడలేదు. ఆరేళ్లలో ఇన్ని సీరియళ్లు చూశాను, అంత నిజమైన నటన నేను చూళ్లేదు. లేచి స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి, కూర్చుని అది రాశాను."

బహ్‌గత్ పొయ్యి తగ్గించాడు. పదిరోజులుగా తను మోస్తున్న రహస్యం అడుగున ఇంకో రహస్యం ఉందని అతనికి అప్పుడే తెలిసింది.

"బాగుందని తెలిసీ బాలేదని రాశావా?"

ఆమె తల వంచుకుంది.

"ఎందుకూ?"

జవాబు చెప్పేలోగా హాల్లోంచి తఫీదా గొంతు వినబడింది. "ఇన్షిరాహ్! ఇలా రా."

*

తఫీదా జపమాల ఒళ్లో పెట్టుకుని, నిటారుగా కూర్చుంది.

"అందరూ చదివారు. అందరూ అనుకుంటున్నారు. చదువు రానిదాన్ని నేనొక్కదాన్నే. ఆ రాసిందేమిటో నాకూ వినబడాలి" అంది.

"ఎందుకమ్మా, వద్దు" అంది ఇన్షిరాహ్.

"నాకు నోటికొచ్చు, నేను చెప్తా" అంది దౌలత్. మొదటి మాట దగ్గరే ఆపేసింది. ఫోను అక్క చేతిలో పెట్టింది. "నువ్వు చదువక్కా. పంతులమ్మ గొంతు. నువ్వు చదివితేనే అమ్మకి అర్థమవుతుంది."

ఫోను బరువుగా ఉంది. అక్షరాలు ఆమెవే. కామాలు ఆమెవే. ఇన్షిరాహ్ ఏ క్లాసులోనూ ఇంత మెల్లిగా చదవలేదు.

"'చివరి ఇల్లు' నాలుగో ఎపిసోడ్ చూశాను. ముందు రచయిత సంగతి. ఈయన ఎన్నడూ రొట్టెల క్యూలో నిలబడ్డట్టు లేదు. ఈయన రాసిన పేదవాళ్లు ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు బుద్ధిగా విని, పూర్తయ్యాక జవాబిస్తారు. మా వీధిలో ముగ్గురు ఒకేసారి మాట్లాడతారు, నాలుగోవాడు పై అంతస్తు నుంచి అందుకుంటాడు. కొడుకు చచ్చిపోయాడని చెప్పడానికొచ్చిన పోలీసు అర పేజీ ఉపన్యాసమిచ్చాడు. నిజంగా ఆ పని మీద వచ్చిన మనిషికి గుమ్మంలో నోరు పెగలదు."

"నిజమే" అంది తఫీదా. "వచ్చినవాడు టోపీ తీసి పట్టుకున్నాడు. అంతే."

ఎవరి గురించి అంటోందో ఎవరూ అడగలేదు.

"కథానాయకుడికి ఎదుటివాళ్ల మాట వినడం చేతకాదు. తన వంతు ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉంటాడు. నోరు మూసుకున్నప్పుడే నటుడి పనితనం తెలిసేది. ఇదంతా ఒక ఎత్తు. తల్లి నఈమాగా వేసినావిడ ఒక్కర్తీ ఒక ఎత్తు." ఇన్షిరాహ్ ఫోను కిందికి దించింది.

"ఊఁ" అంది తఫీదా.

"కొడుకు పోయాడని చెప్పారు. ఆవిడ పళ్లెం ముందేసుకుని బియ్యం ఏరింది. ఏరుతూనే ఉంది. కంట తడి లేదు, నోట మాట లేదు. బియ్యంలో రాళ్లు వెతుక్కోవడమే నటన అనుకున్నట్టుంది. కన్నపేగు తెగిన తల్లి ఇలా కూర్చోదు. ఈ దేశంలోనే కాదు, ఏ దేశంలోనూ కూర్చోదు. ముప్ఫై ఏళ్లుగా ఈవిడకి చిన్న వేషాలే ఎందుకిచ్చారో ఈ బియ్యం ఏరే తల్లిని చూస్తే అర్థమైంది."

అయిపోయింది. కింద వీధిలో ఎవరో కూరగాయల బండివాడితో బేరమాడుతున్నారు. ఆ బేరం మూడో అంతస్తుకి స్పష్టంగా వినబడుతోంది.

"ముప్ఫై ఏళ్ల సంగతి ఆవిడకెలా తెలుసు?" అంది తఫీదా.

"ఈ రోజుల్లో ఎవరి గురించైనా అన్నీ దొరుకుతాయమ్మా" అన్నాడు బహ్‌గత్, అవసరమైనదానికంటే తొందరగా.

తఫీదా అతని వంక చూడలేదు. చిన్న కూతురి వైపు తిరిగింది.

"బియ్యం కాదు" అంది.

దౌలత్ నడక ఆగిపోయింది.

"బియ్యం కాదు దౌలత్. పొట్టు పప్పు. ఆ నెల రేషన్లో వచ్చింది. నిండా మట్టిబెడ్డలే. నీకు పన్నెండేళ్లు, నీకు గుర్తుండదు."

దౌలత్ వచ్చి తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. మధ్యాహ్నం నుంచీ కూర్చోని మనిషి కూర్చోవడం అదే.

"నిన్ను అడగాల్సిందమ్మా. అడగలేదు. రచయిత గుండెలు బాదుకోమని రాశాడు. నేను దర్శకుణ్ణి బతిమాలాను. ఒక్కసారి నన్ను నా ఇష్టానికి చెయ్యనివ్వండి, బాగోకపోతే మీరన్నట్టే ఏడుస్తాను అన్నాను. సరేనన్నాడు. కెమెరా తిరుగుతుంటే నేను నటించలేదు. నువ్వెలా కూర్చున్నావో అలా కూర్చున్నాను. అయ్యాక లైట్లు పట్టుకునే మనిషి వచ్చి నా చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు." కళ్లు తుడుచుకుంది. "చివరికి ఊరంతా నిన్ను చూసి నవ్వేటట్టు చేశాను."

"నన్ను చూసి నవ్వడం ఊరికి కొత్తా?" అంది తఫీదా.

ఇన్షిరాహ్ ఫోను బల్ల మీద పెట్టింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమెకి అప్పుడు పదిహేడేళ్లు. అన్న సబ్రీ సైన్యంలో ఉన్నాడు. సూయజ్ రోడ్డు మీద లారీ తిరగబడింది. టోపీ చేత్తో పట్టుకుని ఒక మనిషి గుమ్మంలోకి వచ్చాడు. తల్లి వింది. వెనక్కి తిరిగి, పళ్లెం ముందుకి లాక్కుని కూర్చుంది. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చి చెంపలు వాయించుకుని ఏడుస్తున్నారు. తల్లి మాత్రం పప్పు ఏరుతోంది. గుమ్మం దగ్గర నిలబడ్డ ఇన్షిరాహ్‌కి వెనక ఎవరో గుసగుసలాడడం వినబడింది. "కన్నదా, పెంచుకున్నదా?" ఇంకో గొంతు, "రాతిగుండె." ఆ మాట మర్నాడు బళ్లోకి వచ్చింది. ఏడాది తిరిగినా పోలేదు. పెళ్లిచూపులకి వచ్చినావిడ కూడా ఆ మాట ఎత్తింది. ఇన్షిరాహ్ ముప్ఫై అయిదేళ్లు ఆ పళ్లేన్ని కప్పెట్టుకుని బతికింది. చెల్లెలు దాన్ని పట్టుకెళ్లి దేశం నట్టింట్లో పెట్టింది.

రాసేటప్పుడు ఇదేదీ అనుకోలేదు. చేతులు రాసేశాయి. కన్నపేగు తెగిన తల్లి ఇలా కూర్చోదు. వీధిలో వాళ్లకంటే శుభ్రమైన అరబ్బీలో, తప్పుల్లేకుండా.

*

ఉపవాసం విడిచే వేళయిందని ఫిరంగి పేలింది. ఖర్జూరాలు, ఆప్రికాట్ పానకం, తర్వాత సూపు. దౌలత్ ముట్టనంది. తల్లి ముద్ద కలిపి నోటికందిస్తే మాత్రం కాదనలేదు. బహ్‌గత్ మొదటి సిగరెట్టు బాల్కనీలో కాల్చుకుని, రెండోది లోపలే ముట్టించాడు. ఎవరూ వద్దనలేదు.

సీరియల్ వేళయింది.

"ఇవాళ టీవీ వద్దులే" అంది ఇన్షిరాహ్.

"పెట్టు బావా" అంది దౌలత్. "ఇవాళ్టిది చూడాలి. సమాధి దగ్గర సీను. ఆవిడ రాసిన తర్వాత తీసింది."

బహ్‌గత్ భార్య వంక చూసి, టీవీ పెట్టాడు.

తెర మీద నల్ల బట్టల్లో దౌలత్. కొడుకు సమాధి మీద పడి పెడబొబ్బలు పెడుతోంది. చెంపలు వాయించుకుంటోంది. మన్ను గుప్పిట పట్టి నెత్తిన పోసుకుంటోంది. "నా సింహమా, నా ఇంటి దీపమా, నీ బదులు నన్ను తీసుకుపోకూడదా" అని దేవుణ్ణి నిలదీస్తోంది. వెనక వయొలిన్లు. కెమెరా ఆమె నోటిదాకా వెళ్లింది. నోట్లో పళ్లు కనబడుతున్నాయి. కళ్లు మాత్రం కెమెరా ఎక్కడుందో చూసుకుంటున్నాయి.

దౌలత్ తనని తాను చూసుకుంటోంది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని.

"ఆవిడ అడిగినట్టే ఏడ్చాను. పధ్నాలుగు సార్లు తీశారు. 'ఇంకా, మేడమ్, ఇంకా' అన్నాడు. చూడక్కా. ఎంత దరిద్రంగా ఉందో చూడు. ఇప్పుడు నిజంగానే నాకు నటన రాదు."

తఫీదా ఆ పెడబొబ్బల్లోకి చూస్తూ, "ఎవరే ఇది?" అంది.

అడగాలని అడిగిందో, చూపు ఆనక అడిగిందో తెలియదు. దౌలత్ నవ్వబోయింది. ఆ నవ్వు మధ్యలో విరిగిపోయింది.

ఇన్షిరాహ్ లేచి టీవీ కట్టేసింది. వెనక్కి తిరిగింది.

"నేనే" అంది.

"ఏమిటి నువ్వే?"

"ఇన్షిరాహ్..." అన్నాడు బహ్‌గత్.

"ఆ మూడో అంతస్తు ప్రేక్షకురాలిని నేనే. అది రాసింది నేనే, దౌలత్."

దౌలత్ మొదట నవ్వింది. "ఛ, ఊరుకో" అంది. బావ వంక చూసింది. బహ్‌గత్ సిగరెట్టు బూడిద తివాచీ మీద రాలుతున్నా చూసుకోలేదు. ఆ బూడిద చూసి నమ్మింది.

అరుస్తుందనుకుంది ఇన్షిరాహ్. అరిస్తే బాగుండునని కాచుకుంది. దౌలత్ గొంతు మామూలుగా, ఇరుగింటివాళ్లని కుశలమడిగినట్టు వచ్చింది.

"మధ్యాహ్నం నుంచీ నా ఏడుపు విన్నావు కదూ. ఆకు తరుగుతూ."

"విన్నాను."

"ఇందాక అమ్మకి చదివి వినిపించావు. గొంతు కూడా వణకలేదు."

"వణికింది."

"నాకు వినబడలేదు." ఒక అడుగు ముందుకేసింది. "సరే. ఒక్కటి చెప్పు. ఆ రోజు నేను చిన్నదాన్ని, సగమే గుర్తుంది. నువ్వు పెద్దదానివి, గుమ్మంలోనే నిలబడ్డావు. నేను చేసింది అమ్మలాగే ఉందా, లేదా?"

"ఉంది."

"తెలిసే రాశావా?"

"తెలిసే రాశాను. నువ్వు ఎంత బాగా చేశావో నాకు తెలుసు. నీ అంత బాగా ఇంకెవరూ చెయ్యలేరనీ తెలుసు."

"నాకు నటన రాదని నువ్వు నిజంగా అనుకుని ఉంటే ఎంత బాగుండేది అక్కా!" అంది దౌలత్. "ఏదో ఒక ఆవిడ, ఆవిడకి నచ్చలేదు అనుకుని ఏడ్చి ఊరుకునేదాన్ని. బాగుందని తెలిసి చంపావా?"

"నేను రేపే రాస్తాను. నా పేరు పెట్టి రాస్తాను. తప్పు రాశానని, నీ అక్కనని, అమ్మ సంగతీ..."

"అమ్మ సంగతా?" దౌలత్ గొంతు అప్పుడు లేచింది. "రాయి! రాసుకో! దానికి ఇంకో రెండు లక్షల మంది చదువుతారు!"

"అరవకండి, కింద వాళ్లకి వినబడుతుంది" అన్నాడు బహ్‌గత్.

"విననీ బావా! పదిరోజులు నీకూ తెలుసుగా? నా చేత్తో నీకు టీ కలిపిచ్చాను మొన్న!"

బహ్‌గత్ లేచి బాల్కనీలోకి వెళ్లిపోయాడు.

"ఇన్షిరాహ్" అంది తఫీదా.

ఇద్దరూ ఆగారు.

"ఇలా దగ్గరకి రా. నాకు నీ మొహం ఆనదు."

ఇన్షిరాహ్ వెళ్లి తల్లి ముందు నిలబడింది. యాభై రెండేళ్ల పంతులమ్మ. చేతులు బళ్లో పిల్లలా వెనక్కి కట్టుకుంది.

"ఆ రోజు నన్ను చూసి సిగ్గుపడ్డావా?"

ఇన్షిరాహ్‌కి అబద్ధాలు చాలా తోచాయి. చిన్నదాన్ని కదమ్మా అనొచ్చు. వాళ్ల మాటలకి బాధపడ్డాను అనొచ్చు. నోరు తెరిచింది.

"పడ్డానమ్మా" అంది.

"ఇప్పటికీ?"

ఇన్షిరాహ్ మొహం తిప్పుకుంది. తఫీదా తల ఆడించింది, ఏదో లెక్క సరిపోయినట్టు. కోపం కనబడలేదు. కోపం కనబడి ఉంటే ఇన్షిరాహ్ ఆ కాళ్ల మీద పడి ఉండేది.

"చేతులు ఆగలేదు" అంది తఫీదా, ఎవరితోనో కాదన్నట్టు. "ఆపితే ఏమవుతానో నాకే తెలియలేదు. ఏడవడం రాక కాదు."

దౌలత్ సోఫా మీంచి తన సంచీ తీసుకుని భుజాన వేసుకుంది. చెప్పులు వెతుక్కుంది.

"ఎక్కడికే? ఉండు. రేపు ఇక్కడినుంచే వెళ్దువుగాని" అంది ఇన్షిరాహ్. "నీకు దణ్ణం పెడతాను, ఉండు."

"రేపు తొమ్మిదికి నేను చావాలి." దౌలత్ గుమ్మం దగ్గర ఆగి, అక్క కళ్లలోకి సూటిగా చూసింది. "నాలుగు పేజీలు మాట్లాడి చస్తానట. మంచం చుట్టూ అందరూ నిలబడతారట. ఎలా చావమంటావు? నువ్వు చెప్పు. ఏది నిజంగా ఉంటుందో, ఏది ఉండదో దేశానికి చెప్పేదానివి. కళ్లు తెరుచుకుని చావనా, మూసుకుని చావనా? చేతులేం చెయ్యను? రాసి ఇవ్వు. చదువుకుని వెళ్తాను. తర్వాత నీ పేజీలో బాగుందని పెట్టుకుందువుగాని."

ఆరేళ్లు ప్రతి సాయంత్రం ఏదో ఒక మాట దొరికిన మనిషికి ఒక్క మాట కూడా దొరకలేదు.

"దాన్నెందుకు అడుగుతావు?" అంది తఫీదా. "దానికేం తెలుసు?"

కుర్చీ చేతుల మీద బరువేసి లేచింది. ఇన్షిరాహ్ పట్టుకోబోయింది. తల్లి ఆ చెయ్యి తీసేసింది. గోడ పట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్లి, దౌలత్ భుజం మీంచి సంచీ దింపింది.

"మీ నాన్న నా ఒళ్లోనే పోయాడు. మా అమ్మ నా చేతుల్లో పోయింది. వాళ్లు పోయేటప్పుడు నేను పక్కనుండి చూశాను. ఇప్పుడు నా వంతు దగ్గరకొచ్చింది. నాకు కొంచెం తెలుస్తోంది ఎలా ఉంటుందో." దౌలత్ మణికట్టు పట్టుకుంది. "రా. చూపిస్తాను."

"అమ్మా, అలా అనకు" అంది ఇన్షిరాహ్.

వాళ్లిద్దరూ తఫీదా గదిలోకి నడిచారు. తలుపు మూసుకుంది. మంచం కిర్రుమంది. ఎవరో దాని మీద పడుకున్నారు. తల్లో, చెల్లెలో తెలియలేదు.

ఇన్షిరాహ్ తలుపు దగ్గర నిలబడింది. లోపల ఏడుపు లేదు. మాటలు కూడా లేవు. గుడ్డ సవరించుకున్న చప్పుడు, పొడుగ్గా ఒక ఊపిరి, మళ్లీ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంతకీ తెగడం లేదు. భయం వేసింది. తలుపు మీద అరచెయ్యి ఆనించింది.

"అమ్మా, నేనూ రానా?" అంది.

లోపల దౌలత్ గొంతు, చాలా తగ్గి, "అక్కని పిలవనా అమ్మా?" అని అడగడం వినబడింది.

తఫీదా గొంతు అంతకంటే మెల్లిగా ఉంది. అయినా తలుపు దాటి ప్రతి అక్షరమూ వచ్చింది.

"వద్దు. అది రాస్తుంది."